రక్తం ఎంతుందో తెలిస్తే బరువు చెప్పొచ్చా? మా అమ్మాయి పరీక్షలో వచ్చిన బిట్టు

ఖమ్మం_నాన్న
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. మొన్న వీక్లీ టెస్టులో ఒక బిట్టు వచ్చింది. ఒక మనిషి ఒంట్లో 4.2 లీటర్ల రక్తం ఉంది, బరువు సుమారు ఎంత? ఆప్షన్లు 42, 50, 60, 75. కీలో 60 అని ఇచ్చారు. కిలోకి 70 ఎం.ఎల్. చొప్పున భాగిస్తే అంతే కదా అని నేనూ అన్నాను, పిల్ల ఒప్పుకోలేదు. "మరి అమ్మ 82 కిలోలు, అమ్మలో 5.7 లీటర్లు ఉంటుందా? నీలో కంటే ఎక్కువా?" అని అడిగింది. నేను సిమెంటు కొట్టు నడుపుకునేవాణ్ణి, బస్తా లెక్క చెప్పగలను గానీ ఇది ఎక్కడ చెప్పను. ఇక్కడ ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు కదా, అసలు ఎవరైనా రక్తం కొలిచి బరువు చెప్తారా?

సూది_సూరిబాబు
బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్ని, పద్నాలుగేళ్లయింది. ఒక్కసారి కూడా అలా చెయ్యలేదండి. మా దగ్గర అంతా బరువుతోనే మొదలు. దాత రాగానే కాటా ఎక్కించేది ఎందుకంటే, 45 కిలోలుంటే 350 ఎం.ఎల్. బ్యాగు, 55 దాటితే 450 కూడా తియ్యొచ్చు. 45 కిలోల మనిషిలో కిలోకి 70 లెక్కన 3 లీటర్ల పైచిలుకు రక్తం ఉంటుంది, అందులో 350 అంటే 11 శాతం. అంతవరకు ఒళ్లు తట్టుకుంటుంది. 38 కిలోల అమ్మాయి దగ్గర కూడా అంతే తీస్తే 13 శాతం దాటిపోతుంది, కళ్లు తిరిగి పడిపోతే మనకే టెన్షన్.

కాలేజీ క్యాంపుల్లో చూడాలి మా పాట్లు. 43 కిలోల కుర్రాడు జేబులో ఫోను, తాళాలు, పర్సు, ఇంకో ఫోను పెట్టుకుని వస్తాడు. ఒకడు కాటా ఎక్కే ముందు లీటరు నీళ్లు తాగి వచ్చాడు, వాడే చెప్పాడు తర్వాత. ఇష్టంగా ఇవ్వడానికి వచ్చినవాణ్ణి వెనక్కి పంపడం బాధే గానీ లీటరు నీళ్లు తాగితే లీటరు రక్తం పెరగదు కదా.

డల్లాస్_దోసె
ఇక్కడ 110 పౌండ్లు ఉండాలి, అంటే 50 కిలోలు. తీసేది దాదాపు అరలీటరు. కానీ నాకు ఆశ్చర్యం వేసిందేంటంటే ఎర్రకణాలు మాత్రం రెండింతలు తీసుకునే పద్ధతి ఒకటుంది, దానికి బరువుతో పాటు ఎత్తు కూడా అడుగుతారు, ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరే వేరే హద్దులు. మా ఆవిడ బరువు సరిపోయింది, ఎత్తు చాల్లేదని మామూలు దానమే చెయ్యమన్నారు. ఎత్తుకీ రక్తానికీ సంబంధం ఏంటి అనుకుంటూ ఇంటికొచ్చాం.

మత్తు_డాక్టర్
ఆ ఎత్తులోనే ఉంది అసలు కిటుకు. ఖమ్మం గారూ, మీ అమ్మాయికి నా తరఫున ఒక చాక్లెట్ కొనివ్వండి, ఎందుకంటే ఆ ప్రశ్న మేము పీజీలో ఆలస్యంగా అడిగాం.

కిలోకి 70 అనేది మామూలు ఒళ్లున్న మగాడికి పనికొచ్చే లెక్క. ఆడవాళ్లకి 65 దగ్గర, నెలలు నిండి పుట్టిన బిడ్డకి 80 నుంచి 90, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి ఇంకా ఎక్కువ. లావైన కొద్దీ ఈ అంకె పడిపోతుంది, కండకి అందేంత రక్తం కొవ్వుకి అందదు కాబట్టి. అందుకని 1962లో నాడ్లర్, ఇంకా ఆయనతో పనిచేసినవాళ్లు ఎత్తుని కూడా కలిపి ఒక సూత్రం ఇచ్చారు. మగవాళ్లకైతే, ఎత్తుని మీటర్లలో తీసుకుని ఘనం చేసి 0.3669తో గుణించి, దానికి బరువు కిలోలను 0.03219తో గుణించి కలిపి, పైన 0.6041 వెయ్యాలి, లీటర్లలో వస్తుంది. ఆడవాళ్లకి అవే మెట్లు, అంకెలు 0.3561, 0.03308, 0.1833.

మీ ఇంటావిడ ఎత్తు ఎంతో చెప్పండి, లెక్క వేసి చూద్దాం.

ఖమ్మం_నాన్న
అయిదడుగుల ఒక అంగుళం సార్. 155 సెంటీమీటర్లు వేసుకోండి.

మత్తు_డాక్టర్
1.55 ఘనం 3.72. గుణిస్తే 1.33. బరువు వైపు 82 × 0.03308 = 2.71. మూడోది 0.18. మొత్తం 4.22 లీటర్లు.

చూశారా? మీ పిల్ల పేపర్లో ఇచ్చిన 4.2 లీటర్లు సరిగ్గా వాళ్లమ్మవే! కీ ప్రకారం ఆవిడ 60 కిలోలు. నిజానికి 82. ఇప్పుడు అదే 4.2 లీటర్లు ఉన్న 170 సెంటీమీటర్ల మగాడి బరువు వెనక్కి కట్టి చూడండి, 56 కిలోలు వస్తుంది. రక్తం ఒకటే, బరువులు 82, 56. మధ్యలో ఉన్న 60 ఇద్దరిదీ కాదు.

ఖమ్మం_నాన్న
అమ్మో. పిల్లకి చూపించాను, ఇల్లంతా గంతులేస్తోంది.

అర్ధరాత్రి_కథకుడు
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నేను ఒక డిటెక్టివ్ సీరియల్ రాస్తున్నాను, శవం దొరకలేదు, గదిలో రక్తం మాత్రం ఉంది. మా సీఐ ఆ మడుగు చూసి "చనిపోయినవాడు డెబ్బై కిలోలు" అంటాడు. ఆరో భాగం అయిపోయింది, ఏడోది రేపు పెట్టాలి. ఇది చెల్లదా?

సూది_సూరిబాబు
చెల్లదు తమ్ముడూ. ఒకసారి మా దగ్గర నిండు బ్యాగు చేజారి పగిలింది, 350 ఎం.ఎల్. అంతే. గది చూసినవాళ్లెవరైనా రెండు లీటర్లు పోయిందనే అంటారు. టైల్స్ మీద అలా పాకుతుంది. అదే మట్టి నేల మీదైతే, పరుపు మీదైతే సగం కంటికే కనపడదు. ముందు ఎంత కారిందో చెప్పలేం. కారినదాన్ని బట్టి ఒంట్లో ఎంతుండేదో అసలే చెప్పలేం.

పాడి_నర్సిమ్లు
గోపాలమిత్రగా చేసిన, మేకలు గొర్రెలు బర్రెలు నా లోకం. కథ రాసే అన్నకు ఒక మాట. 20 కిలోల మేకలో లీటరున్నర దాకా నెత్తురు ఉంటది. కోసినప్పుడు గిన్నెలోకి వచ్చేది అందులో సగం, మహా అయితే కొంచెం ఎక్కువ. మిగిలింది మాంసంలోనే, కాలేజంలోనే ఉండిపోతది. దావత్ నాడు నల్ల (నెత్తురు కూర) వండుదామని గిన్నె పట్టుకుని కూసున్నోళ్లకు తెలుసు, ఎంత పెద్ద పోతునైనా అనుకున్నంత రాదు. కావాలని మెడ కోసి వేలాడదీస్తేనే సగం వస్తే, గదిలో పొడిస్తే ఎంత వస్తది?

ఇంకోటి, జంతువుకీ జంతువుకీ లెక్క మారుతది. కుక్కకు కిలోకి 85, 90 దాకా ఉంటే పిల్లికి 60 కూడా దాటది. మనిషి లెక్క పట్టుకుని పిల్లికి రక్తం తీసినోడు ఖతం.

రిటైర్డ్_లెక్చరర్
కథకుడు గారు సరదాగా అడిగారు గానీ చరిత్రలో దీన్ని దాదాపు అలాగే కొలిచారు. 1850లలో జర్మనీలో బిషాఫ్ అనే ఆయన, మరణశిక్ష పడినవాళ్లని తల నరకక ముందు, నరికిన తర్వాత తూచాడు. బయటికొచ్చిన రక్తం పోగా లోపల మిగిలినదాన్ని రక్తనాళాల్లోకి నీళ్లు ఎక్కించి కడిగి, ఆ కడుగునీళ్ల రంగు చూసి లెక్కగట్టాడు. కడిగి రంగు చూసే ఆ పద్ధతి వెల్కర్ అనే ఇంకో ఆయనది. తేలిందేమిటంటే ఒంటి బరువులో పదమూడో వంతు రక్తం. అంటే 7.7 శాతం. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఆ పదమూడో వంతే నడిచింది.

తర్వాత 1900లో హాల్డేన్, లొరెయిన్ స్మిత్ అనే ఇద్దరు బతికున్న మనుషుల మీద చేశారు. కొలిచిన కొద్దిపాటి కార్బన్ మోనాక్సైడు పీల్పించి, రక్తంలో అది ఎంత పలచబడిందో చూశారు. వాళ్లకి వచ్చింది 4.9 శాతం. 60 కిలోల మనిషికి ఒకరి లెక్కలో 4.6 కిలోల రక్తం, ఇంకొకరి లెక్కలో 2.9. ఇంత తేడా ఉన్న అంకెలతో వెనక్కి బరువు కడితే ఏమవుతుందో ఆలోచించండి.

ఇప్పటి కొలత కూడా పలచన సూత్రమే. మా తరగతిలో నేను తొట్టి ఉదాహరణ చెప్పేవాణ్ణి. తొట్టిలో ఎన్ని నీళ్లున్నాయో తెలీదు. బట్టలకి వేసే నీలిమందు ఒక చెంచా కలిపి బాగా కలియబెట్టి, ఒక గ్లాసు తీసి రంగు ఎంత చిక్కగా ఉందో చూస్తే తొట్టి పరిమాణం తెలిసిపోతుంది. మనిషికైతే ఆ నీలిమందు స్థానంలో ఎవాన్స్ బ్లూ అనే రంగు వాడేవారు, ఆ తర్వాత రేడియోధార్మిక అయోడిన్ అంటించిన ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీను, క్రోమియం అంటించిన ఎర్రకణాలు. తొట్టి కారుతుంటే లెక్క తప్పుతుంది. రక్తనాళాలు కొంచెం కారుతూనే ఉంటాయి, ఆ రంగు మెల్లగా బయటికి పోతూనే ఉంటుంది, అందుకని ఒకటికి నాలుగు శాంపిళ్లు తీసి, రంగు ఎక్కించిన క్షణం దాకా వెనక్కి గీత గీసి సరిచూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్_శీను
ఇంత కష్టపడి రక్తం కొలిచి బరువు కనుక్కునే బదులు కాటా ఎక్కించొచ్చు కదా అంకుల్ 😀

రిటైర్డ్_లెక్చరర్
అదే నాయనా.

సాఫ్ట్‌వేర్_శీను
సరదాకి అన్నాను గానీ ఒక డౌట్. సూత్రం సరళంగానే ఉంది కదా, రక్తం సరిగ్గా కొలిచి, ఎత్తు, ఆడో మగో తెలిస్తే బరువు సరిగ్గానే రావాలి కదా?

మత్తు_డాక్టర్
కాగితం మీద వస్తుంది. కానీ సూత్రంలో బరువు పక్కన ఉన్న 0.033 చూడండి, అంటే ఒక కిలో పెరిగితే 33 ఎం.ఎల్. మాత్రమే పెరుగుతుంది. 4.2 లీటర్లు కొలిచేటప్పుడు 5 శాతం తప్పు వచ్చిందనుకోండి, 210 ఎం.ఎల్., వెనక్కి కడితే అది 6 కిలోల పైన తేడా. చిన్న తప్పుని వెనకదారి అంత పెద్దది చేస్తుంది.

సూత్రాలైనా ఒకదానితో ఒకటి కలుస్తాయా అంటే అదీ లేదు. లావుపాటి వాళ్ల కోసం 2006లో లెమెన్స్ వాళ్లు ఇంకోటి ఇచ్చారు, బీఎంఐని (బరువు కిలోలను మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది) 22తో భాగించి వర్గమూలం కట్టి, దానితో 70ని భాగించమంటారు. ఖమ్మం గారి ఇంటావిడకి అది వేస్తే కిలోకి 56, మొత్తం 4.6 లీటర్లు. నాడ్లర్ 4.2 అన్నాడు. ఆ 0.4 తేడాని నాడ్లర్ సూత్రంలో వెనక్కి వేస్తే 12 కిలోలు.

ఇది పరీక్ష గొడవ మాత్రమే అనుకోకండి. ఆపరేషన్ టేబుల్ మీద 82 కిలోల మనిషి ఉంది, నేను గుడ్డిగా 70తో గుణించి 5.7 లీటర్లు అనుకున్నాను. 30 శాతం పోతే ప్రమాదం అనే లెక్కలో 1.7 లీటర్ల దాకా టైముందని ధీమాగా ఉంటాను. నిజంగా ఆవిడలో ఉన్నది 4.2 అయితే 1.3 దగ్గరే ఆ గీత దాటేసింది. మా సీనియర్ ఒకాయన లావుపాటి పేషెంట్ వస్తే, "కాటాని నమ్మకు, ఎత్తు చూడు" అనేవారు. అప్పట్లో నాకు వింతగా ఉండేది.

సూది_సూరిబాబు
శీను గారికి నాదొకటి. 350 ఎం.ఎల్. ఇచ్చి మంచం దిగిన దాత అసలు తగ్గిన బరువు 370 గ్రాములు, రక్తం నీళ్ల కంటే కాస్త బరువు కాబట్టి. ఇప్పుడు ఆయన్ని రక్తం లెక్కతో తూస్తే, 70 లెక్కలో 5 కిలోలు తగ్గాడు, డాక్టర్ గారి సూత్రంలో దాదాపు 11 కిలోలు తగ్గాడు. బిస్కెట్ ప్యాకెట్టు, జ్యూసు ఇచ్చి పంపిస్తాం, ఒకటి రెండు రోజుల్లో నీటి భాగం నిండిపోయి 11 కిలోలూ మళ్లీ వచ్చేస్తాయి. ఎర్రకణాలకి మాత్రం వారాలు పడుతుంది, మగవాళ్లని మూడు నెలలు, ఆడవాళ్లని నాలుగు నెలలు ఆగమనేది అందుకే.

జిమ్ములవాళ్లకి ఈ మాట చెప్పకండి, క్యాంపులు నిండిపోతాయి.

వారానికి_మూడు
మా నాన్నగారికి నాలుగేళ్లుగా డయాలసిస్. బరువు, రక్తం ఈ రెండింటి మధ్య గొడవ మా ఇంట్లో రోజూ ఉండేదే కాబట్టి రాస్తున్నాను. వెళ్లేటప్పుడు 61.5, వచ్చేటప్పుడు 59. ఆ 59ని డ్రై వెయిట్ అంటారు. మధ్యలో పెరిగిన రెండున్నర కిలోలు అంతా నీరే. మొదట్లో నేను ఆ రెండున్నర లీటర్లూ రక్తంలోనే చేరుతుందనుకునేవాణ్ణి. అలా అయితే మనిషి మిగలడు. చాలావరకు కాళ్లలోకి, ఒంట్లోకి దిగిపోతుంది, సాయంత్రానికి చెప్పులు పట్టవు, వేలితో నొక్కితే గుంట పడుతుంది. మెషీన్ రక్తంలోంచి నీరు లాగుతుంటే కాళ్లలో ఉన్న నీరు మెల్లగా రక్తంలోకి రావాలి. అది వచ్చేలోపు తొందరపడి లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. ఒకసారి పెళ్లికి వెళ్లి నాలుగు కిలోలు పెరిగి వచ్చారు, గంట తక్కువ చేసుకుందామని అడిగాం, మూడో గంటలో కళ్లు తేలేశారు. పెళ్లి పులిహోర, ఆవకాయ, ఆపైన దాహం. ఇంక చెప్పేదేముంది.

కాటా రెండున్నర కిలోలు కదిలినా రక్తం అంత కదలదు అని మాత్రం నాకు బాగా అర్థమైంది.

వరంగల్_అక్క
మాకు దీనికి రివర్స్ జరిగింది. మా బాబుకి డెంగీ వచ్చింది, 24 కిలోలు ఉండేవాడు. జ్వరం తగ్గింది, హమ్మయ్య అనుకున్నాం, డాక్టర్ మాత్రం ఈ రెండు రోజులే జాగ్రత్త అన్నారు. తిండి లేదు, అయినా బరువు కిలో పెరిగింది, పొట్ట ఉబ్బింది. పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 36 నుంచి 45కి పోయింది. రక్తం చిక్కబడిందంటే ఎక్కువైనట్టు కదా అని మా అత్తయ్య సంతోషపడింది పాపం. అది కాదట, రక్తంలోని నీరు నాళాల్లోంచి కారి పొట్టలోకి, ఛాతీలోకి చేరుతోంది, నాళాల్లో రక్తం తగ్గి చిక్కబడింది. బరువు పెరిగింది, రక్తం తగ్గింది. ఇలాంటి పిల్లాడి రక్తం చూసి బరువు చెప్పమంటే ఎవరు చెప్తారు?

నీలి_గౌను
ఎన్ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) నర్సుని. అక్కా, బాబు బాగున్నాడు కదా ఇప్పుడు?

వరంగల్_అక్క
రాక్షసుడిలా ఉన్నాడు. 31 కిలోలు.

నీలి_గౌను
సంతోషం. మా దగ్గర కిలో బరువున్న పిల్లలు ఉంటారు. ఒంట్లో మొత్తం రక్తం 90 ఎం.ఎల్., ఇరానీ చాయ్ కప్పుడు అనుకోండి. ఒక టెస్టుకి రెండు ఎం.ఎల్. తీస్తే రెండు శాతం పైనే పోయినట్టు, పెద్దవాళ్లకి వంద ఎం.ఎల్. తీసినంత. అందుకే తీసిన ప్రతి చుక్కా చార్టులో రాస్తాం, ఎక్కువ తీశావేం అని పీజీలని నేను తిట్టిన రోజులున్నాయి. కామెర్లు ముదిరిన మూడు కిలోల బిడ్డకి రక్తం మార్చాలంటే 85 × 3 × 2, దాదాపు అరలీటరు తెప్పిస్తాం, మొత్తం రక్తానికి రెండింతలు. ఇదంతా బరువుని నమ్మి చేసే లెక్క, ఆ బరువు గ్రాముల్లో తూస్తాం, ఒంటి మీద ఉన్న గొట్టాల బరువు కూడా తీసేసి.

గర్భిణులని ఎవరూ ఇంకా చెప్పలేదు. వాళ్లలో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, ఎనిమిదో నెలకి తారస్థాయి. 155 సెంటీమీటర్లు, 50 కిలోలున్న అమ్మాయికి 3.2 లీటర్లు ఉండేది 4.6 అవుతుంది. డాక్టర్ గారి సూత్రంలో వెనక్కి వేసి చూశాను, 93 కిలోలు వచ్చింది 😂 ఆ అమ్మాయి 61 ఉంటుందేమో పాపం.

సాఫ్ట్‌వేర్_శీను
అయితే తూచే వీలే లేని పిల్లాడు ఎమర్జెన్సీకి వస్తే ఏం చేస్తారు? రక్తంతో కాకపోతే దేనితో?

నీలి_గౌను
మొదట తల్లిని అడుగుతాం. తల్లికి దాదాపు ఎప్పుడూ తెలుసు. లేకపోతే వయసుతో, ఏడాది నుంచి ఆరేళ్ల దాకా వయసుని రెండుతో గుణించి 8 కలపడం, నాలుగేళ్లవాడైతే 16 కిలోలు. పొడవు కొలిచి బరువు చెప్పే రంగుల టేపు కూడా ఉంది, అది అమెరికాలో తయారైంది, మన పిల్లలకి కొంచెం ఎక్కువ చూపిస్తుంది, చూసి తగ్గించుకుంటాం.

పాడి_నర్సిమ్లు
మాకూ టేపే అక్కా. బర్రెను కాటా ఎక్కించేదెట్ల? ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టు అంగుళాల్లో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 300తో భాగిస్తే పౌన్లు వస్తయి. చుట్టు 70, పొడవు 58 ఉంటే 947 పౌన్లు, 430 కిలోలు. మందు డోసుకు ఈ లెక్క చాలు. అంగడిలో బేరగాళ్లు టేపు కూడా ముట్టరు, వీపు మీద చెయ్యేసి చెప్తరు.

అర్ధరాత్రి_కథకుడు
ఏడో భాగం మార్చేశాను. సీఐ ఇప్పుడు రక్తం వదిలేసి బురదలో చెప్పు గుర్తు లోతు చూస్తున్నాడు.

రిటైర్డ్_లెక్చరర్
అదీ చెల్లదు.

అర్ధరాత్రి_కథకుడు
సార్ 🙏

ఖమ్మం_నాన్న
అందరికీ చాలా చాలా థాంక్స్. పిల్ల ఇదంతా నోటుబుక్కులో రాసుకుని వాళ్ల లెక్చరర్‌కి చూపించింది. ఆయన మంచాయనే, చదివి నవ్వారట, "నువ్వు చెప్పింది కరెక్టే, పరీక్షలో మాత్రం 60 పెట్టు" అన్నారట. మార్కు ఇవ్వలేదు. ఇది ఇలా ఉండగా మా ఆవిడ నా ఫోను తీసి ఈ చర్చంతా చదివింది. 82 కిలోలని ఊరందరికీ చెప్పావా అని రెండు రోజులుగా మాటల్లేవు.

సూది_సూరిబాబు
అమ్మగారికి కోపం తగ్గాక చెప్పండి, 55 దాటింది కాబట్టి 450 బ్యాగు కూడా ఇవ్వొచ్చు. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి అంతే. మీ బరువెంతో మాత్రం మీరింకా చెప్పలేదు.

ఖమ్మం_నాన్న
57 అండి. అదే కదా అసలు గొడవ.